టేపు ఎవరి కోసమూ ఆగదు: డెపెష్ మోడ్ కచేరీలకు జనం ఎందుకు వస్తారు?

1988 జూన్ 18 రాత్రి. కాలిఫోర్నియాలోని పాసడీనా పట్టణం, రోజ్ బౌల్ స్టేడియం. 60 వేలకు పైగా జనం. ఇంగ్లండ్ నుంచి వచ్చిన డెపెష్ మోడ్ బృందం తన సుదీర్ఘ యాత్రలో 101వ కచేరీ చేస్తోంది. ఆ యాత్రకు అదే చివరిది. ఆఖరి పాట ‘ఎవ్రీథింగ్ కౌంట్స్’ పల్లవి దగ్గరికి వచ్చాక గాయకుడు డేవ్ గాన్ తాను పాడటం మాని జనం చేత పాడించడం మొదలుపెట్టాడు. కాసేపటికి వేదిక మీది వాద్యాలు కూడా ఆగిపోయాయి. జనం మాత్రం ఆపలేదు. వెనక తాళం లేదు, పట్టుకోవడానికి శ్రుతి లేదు. అయినా వేల గొంతులు ఆ పల్లవిని మళ్లీ మళ్లీ అందుకుంటూనే ఉన్నాయి.

డి.ఎ. పెన్నెబేకర్, క్రిస్ హెజెడస్, డేవిడ్ డాకిన్స్ కలిసి తీసిన ‘101’ డాక్యుమెంటరీలో ఈ ఘట్టం ఉంది. దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టుకోలేదు. చూసిన ప్రతిసారీ ఒకే ప్రశ్న వెంటాడుతుంది. వీళ్లది యంత్రాల సంగీతం. ఒంటి మీద చొక్కా తడిసేలా డ్రమ్స్ వాయించేవాడు వేదిక మీద లేడు. ముగ్గురు కీబోర్డుల వెనక నిలబడ్డారు, ఒకడు పాడుతున్నాడు. తాళమంతా ముందే రికార్డు చేసి తెచ్చుకున్నది. ఇంట్లో కూర్చుని వినగలిగే దాని కోసం అంతమంది ఎందుకు కదిలి వచ్చారు? 35 ఏళ్ల తర్వాత, 2023లోనూ స్టేడియాలు ఎందుకు నిండాయి?

పాత జ్ఞాపకాల మీద మోజు అని తేలిగ్గా చెప్పేస్తుంటారు. నాకు ఆ జవాబు సరిపోదు. 1988లో ఆ బృందంలో ఎవరికీ ముప్పై నిండలేదు, అభిమానుల్లో చాలామంది ఇంకా చిన్నవాళ్లు. నెమరువేసుకోవడానికి అప్పటికి గతమే లేదు. జవాబు ఇంకెక్కడో ఉంది. దాన్ని వెతకాలంటే ఈ సంగీతం మొదట వేదిక ఎక్కినప్పుడు పడిన ఇబ్బంది దగ్గరికి వెళ్లాలి.

సింథసైజర్ అంటే విద్యుత్ తరంగాలను ధ్వనిగా మలిచే వాద్యం. 1970ల చివరికి దాని ధర తగ్గి, బ్రిటన్‌లో మామూలు ఇళ్ల కుర్రాళ్లకు కూడా అందుబాటులోకి వచ్చింది. గదిలో కూర్చుని పాట కట్టుకోవడానికి అది గొప్ప సాధనం. వేదిక మీదికి తెచ్చేసరికి చిక్కు వచ్చింది. గిటారు వాయించేవాడి శ్రమ కంటికి కనిపిస్తుంది, శబ్దానికీ చేతి కదలికకూ ఉన్న సంబంధం వెనక వరుసలో ఉన్నవాడికి కూడా తెలుస్తుంది. సింథసైజర్ మీద ఒక్క వేలు చాలు. ఆ వేలు ఏం చేసిందో చూసేవాడికి అంతుపట్టదు.

ఒక్కో బృందం దీనికి ఒక్కో దారి వెతుక్కుంది. షెఫీల్డ్‌కు చెందిన హ్యూమన్ లీగ్ వేదిక వెనక స్లయిడ్లు ప్రదర్శించింది. బొమ్మలు వేయడానికే బృందంలో ఒక సభ్యుడు ఉండేవాడు. లివర్‌పూల్ ప్రాంతం నుంచి వచ్చిన ఓఎండీలో మొదట ఇద్దరే మనుషులు, మూడోది టేపు రికార్డరు. దానికి విన్‌స్టన్ అని పేరు కూడా పెట్టుకున్నారు. వీళ్లందరికీ గురుస్థానంలో ఉన్న జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ ఇంకో అడుగు ముందుకు వేసి, తమ రూపంలో బొమ్మలు చేయించి తమ స్థానంలో నిలబెట్టింది. మనిషి తప్పుకుంటే చిక్కే ఉండదన్నట్టు. అటు వాద్యకారులకేమో పొట్ట కొడుతున్నారన్న భయం. 1982లో సంగీతకారుల యూనియన్ సెంట్రల్ లండన్ శాఖ ఏకంగా సింథసైజర్లను, డ్రమ్ మెషీన్లను నిషేధించాలనే దాకా వెళ్లింది.

డెపెష్ మోడ్ పుట్టింది ఇలాంటి వాతావరణంలోనే, 1980లో. ఊరు బాజిల్డన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్ జనాన్ని సర్దడానికి ఎసెక్స్ కౌంటీలో ప్రభుత్వం కట్టించిన కొత్త పట్టణం అది. విన్స్ క్లార్క్, మార్టిన్ గోర్, ఆండీ ఫ్లెచర్, డేవ్ గాన్ అనే నలుగురు కుర్రాళ్లు. సింథసైజర్లను ఎంచుకోవడంలో వాళ్లకు సిద్ధాంతం కంటే సౌకర్యం ముఖ్యమైంది. చంకన పెట్టుకుని రైలెక్కి లండన్ వెళ్లవచ్చు, క్లబ్బులో ఉన్న స్పీకర్లకే తీగ తగిలించి వాయించవచ్చు. బరువైన యాంప్లిఫయర్లు, వాటికొక వ్యాను అక్కర్లేదు.

ఆ ఏడాది చివర్లో తూర్పు లండన్‌లోని బ్రిడ్జ్ హౌస్ అనే పబ్బులో వాళ్లను డేనియల్ మిల్లర్ చూశాడు. మ్యూట్ రికార్డ్స్ సంస్థ ఆయనదే. కుర్రాళ్లు బీరు పెట్టెల మీద సింథసైజర్లు పెట్టుకుని వాయిస్తున్నారు. గాయకుడు కదలడం లేదు. కింద పెట్టిన దీపం వెలుగు ముఖం మీద పడుతుంటే కొయ్యబారినట్టు నిలబడి పాడుతున్నాడు. మిల్లర్ వాళ్లతో కాగితం మీద ఒప్పందం రాసుకోలేదు, చేయి కలిపాడు, అంతే. ఏళ్ల తరబడి ఆ మాట మీదే వ్యాపారం నడిచింది. కొయ్యబారి నిలబడిన ఆ పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఎనిమిదేళ్లు తిరక్కుండానే రోజ్ బౌల్‌ను ఊపేశాడు. అంత దూరం ఎలా వచ్చాడన్నదే అసలు కథ.

తొలి ఆల్బమ్ వచ్చిన 1981లోనే పాటలు రాసే విన్స్ క్లార్క్ బృందం వదిలి వెళ్లిపోయాడు. రాసే బాధ్యత మార్టిన్ గోర్ మీద పడింది. క్లార్క్ ఖాళీలోకి పత్రికా ప్రకటన చూసి అలన్ వైల్డర్ వచ్చాడు. తొలినాళ్ల యాత్రల్లో డ్రమ్స్, బేస్ వంటివన్నీ టేపు మీదే నడిచేవి. దాన్ని తెర వెనక దాచలేదు. రీళ్లు తిరిగే ఆ యంత్రాన్ని అందరికీ కనిపించేలా వేదిక మీదే, డ్రమ్మరు ఉండాల్సిన చోట పెట్టారు. నాకు ఇందులో గొప్ప నిజాయితీ కనిపిస్తుంది. మోసం చేస్తున్నారని ఎవరైనా అనకముందే, అదిగో టేపు, మేం ఇక్కడ ఉన్నాం అని చూపించేశారు.

ఇప్పుడు ఆ టేపు ఏం చేస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం. మన కచేరీలో గాయకుడు ఒక పాదం దగ్గర మనసు నిలిచిపోతే అక్కడే తిరుగుతాడు. మృదంగం ఆయన కోసం ఆగుతుంది, వయొలిన్ ఆయన వెంటే నడుస్తుంది. హరికథా దాసు సభ ముఖం చూసి పిట్టకథ పెంచుతాడు, లేదా కుదిస్తాడు. టేపుకు ఆ దయ లేదు. ఒకసారి మీట నొక్కితే మూడు నిమిషాల నలభై సెకన్ల పాట అంతే సమయంలో ముగుస్తుంది. గాయకుడు ఎత్తుగడ తప్పితే పాట ఆయనను వదిలేసి ముందుకు పోతుంది. జనం కేరింతలు కొట్టినా అదే వేగం, ముఖం ముడుచుకున్నా అదే వేగం.

ఇది లోపమే. కాని ఆ లోపంలోంచే ఒక బలం పుట్టింది. తాళం ఎన్నటికీ మారదు కాబట్టి మారగలిగినవి రెండే మిగిలాయి. ఒకటి పాడేవాడి గొంతూ ఒళ్లూ. రెండోది జనం. గాన్ కొయ్యబారి నిలబడటం మానుకోవడానికి ఇదే కారణమని నా నమ్మకం. వేదిక మీద ముగ్గురు కీబోర్డుల వెనక ఉండిపోతే, జరుగుతున్నది అప్పటికప్పుడు జరుగుతున్నదని నిరూపించాల్సిన భారమంతా అతనొక్కడి మీదే పడింది. మైకు స్టాండును పట్టుకుని గిరగిరా తిరగడం, వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తడం, చేతులు చాచి పిలవడం అతను అలా నేర్చుకున్నవే.

జనం సంగతి ఇంకా ఆసక్తికరం. రికార్డులో ఉన్న వేగమే వేదిక మీదా ఉంటే, ఎక్కడ ఏ చప్పుడు వస్తుందో, ఎక్కడ క్షణం పాటు నిశ్శబ్దం ఉంటుందో, అభిమానికి ముందే తెలుసు. బుద్ధికే కాదు, భుజాలకూ పాదాలకూ తెలుసు. అందుకే వేలమంది ఒకే క్షణంలో చప్పట్లు కొట్టగలరు. యంత్రం శ్రుతిపెట్టెలా ఒక స్థిరమైన నేలను పరిచింది, జనం దాని మీద నిలబడి పాడటం మొదలుపెట్టారు. పైగా మాటలను మాత్రమే కాదు, కీబోర్డు వరసలను కూడా పాడతారు. తొలినాళ్ల పాట ‘జస్ట్ కాంట్ గెట్ ఎనఫ్’లోని చిన్న సింథసైజర్ వరసలో పట్టుమని పది స్వరాలు ఉండవు. లివర్‌పూల్, సెల్టిక్ జట్ల ఫుట్‌బాల్ అభిమానులు మైదానాల్లో ఆ పాట అందుకుంటారు. వాద్యకారుల నైపుణ్యం మీద ఆధారపడిన వరస అయితే జనం నోట ఇంత తేలిగ్గా పడేది కాదు. ఒక్కో మీట నొక్కి, ఒకసారికి ఒకే స్వరం పలికించే చవక సింథసైజర్ల మీద పుట్టింది కాబట్టే అది గొంతుకు సరిపోయింది.

1983 నుంచి వాళ్ల చేతికి శాంప్లర్లు వచ్చాయి. లోకంలోని ఏ చప్పుడునైనా రికార్డు చేసి మీట మీదికి ఎక్కించే యంత్రం అది. తూర్పు లండన్‌లో, షోర్‌డిచ్‌లోని గార్డెన్ స్టూడియో చుట్టుపక్కల పాడుబడిన స్థలాల్లో తిరిగి, దొరికిన ఇనుప ముక్కలనూ గొట్టాలనూ బాది ఆ చప్పుళ్లను పాటల్లో పెట్టారు. వాటిని వేదిక మీదికి తేవడం వైల్డర్ పని. ఒక్క కీబోర్డునే ముక్కలుగా పంచుకునేవాడు. ఎడమ చివర మీట నొక్కితే ఇనుము మీద దెబ్బ, దాని పక్కన బృందగానం, ఇంకాస్త పక్కన వయొలిన్ల గుంపు. తర్వాతి పాటకు మళ్లీ వేరే పంపకం. దూరం నుంచి చూసేవాడికి మీటలు నొక్కుతున్నట్టే ఉంటుంది, నిజానికి ఏ మీట కింద ఏముందో పాట పాటకూ కొత్తగా గుర్తుపెట్టుకోవాలి. మీటలు నొక్కడమే కదా అని తీసిపారేసినవాళ్లు ఈ శ్రమను చూడలేదు.

రోజ్ బౌల్‌లోనే మరో ముఖ్యమైన ఘట్టం. పాట ‘నెవర్ లెట్ మీ డౌన్ అగెయిన్’. మాటలు అయిపోయాక వాద్యాల వరస చాలాసేపు అలలు అలలుగా సాగుతుంది. గాయకుడికి అక్కడ చేయడానికి ఏమీ లేదు. గాన్ ఎత్తయిన చోట నిలబడి రెండు చేతులూ పైకెత్తి కుడికీ ఎడమకూ ఊపాడు. ముందు వరుసలు అందుకున్నాయి. ఆ కదలిక వెనక్కి పాకి స్టేడియమంతా గాలికి ఊగే వరిచేనులా అయింది. చేనంటున్నది అలంకారానికి కాదు. చీకట్లో మనుషుల ముఖాలు కనిపించవు, లేత చేతులే వెన్నుల్లా వంగి లేస్తుంటాయి. ఈనాటికీ ఆ పాట వస్తే, ఏ దేశమైనా సరే, ఎవరూ చెప్పకుండానే చేతులు లేస్తాయి. 1988 తర్వాత పుట్టినవాళ్లు కూడా ఆ చేతులెత్తడం తెలుసుకునే వస్తారు. గాయకుడికి పనిలేని చోట, పాట ఖాళీగా వదిలిన చోట ఆ ఆనవాయితీ పుట్టిందన్నది గమనించాలి.

పాటల స్వభావం కూడా దీనికి తోడైంది. గాన్ గొంతు మంద్రంలో నడుస్తుంది. మామూలు మనిషి ఎవరైనా గొంతు చించుకోకుండా కలిసి పాడవచ్చు. గోర్ రాసే మాటలు పొట్టివి. పాపభీతి, భక్తి, కోరిక, క్షమాపణ వంటి పెద్ద విషయాలను చిన్న మాటల్లో చెబుతాడు. 1989లో వచ్చిన ‘పర్సనల్ జీసస్’ తాళంలో వినిపించే బరువైన అడుగుల చప్పుడు, సామాన్లు మోసే పెట్టెల మీద మనుషులు ఎగిరి దూకగా వచ్చినదే. దాని పిలుపు జనం తిరిగి అనడానికే పుట్టినట్టు ఉంటుంది. భజనలో ముందువాడు అందించిన మాటను గుంపు అందుకునే పద్ధతే అది. ‘ఎంజాయ్ ద సైలెన్స్’ను గోర్ మొదట హార్మోనియం మీద నెమ్మదైన పాటగా కట్టాడు. వైల్డర్, నిర్మాత ఫ్లడ్ కలిసి దానికి వేగం ఎక్కించారు. పరుగెత్తే తాళం కింద ఆ విలాపం అలాగే మిగిలిపోయింది. కాళ్లు ఆడుతుంటే గొంతు బరువెక్కే అనుభవం అందుకే.

ఇక మధ్యలో ప్రతి కచేరీలోనూ గోర్ ముందుకొచ్చి, దాదాపు ఒక్క పియానో తోడుతో, ఒకటి రెండు పాటలు పాడతాడు. యంత్రాలన్నీ ఆపేసి, సన్నని గొంతుతో ఒక మనిషి. అంతవరకూ స్థిరంగా ఉన్న నేల కదిలిపోయినట్టు ఉంటుంది. అతను అలా పాడే ‘హోమ్’ పాట అయ్యాక, దాని చివరి రాగాన్ని జనం మాటలు లేకుండానే ఆలపిస్తూ ఉండిపోవడం రికార్డింగుల్లో వినవచ్చు.

ఇంగ్లిష్ రాని చోట కూడా ఈ ఆకర్షణ ఎంత బలంగా ఉందో తూర్పు ఐరోపా చెబుతుంది. 1985లో బుడాపెస్ట్‌లోనూ వార్సాలోనూ వాళ్లు కచేరీలు చేశారు. 1988 మార్చి 7న తూర్పు బెర్లిన్‌లోని వెర్నర్ జీలెన్‌బిండర్ హాల్లో, కమ్యూనిస్టు యువజన సంఘం ఎఫ్‌డీజే వార్షికోత్సవ కచేరీలో పాడారు. బెర్లిన్ గోడ కూలడానికి ఇంకా ఏడాదిన్నరకు పైగా సమయం ఉంది. పోలండ్‌లో ఆ అభిమానులకు ‘దెపెషే’ అని ఒక పేరే ఏర్పడింది. నల్ల దుస్తులు, పైకి దువ్విన జుట్టు. రష్యాలో మే 9 రెండో ప్రపంచ యుద్ధ విజయ దినం. గాన్ పుట్టినరోజు కూడా అదే కావడంతో అభిమానులు ఆ రోజు తమ పండుగ తాము చేసుకునేవారు. జెరెమీ డెల్లర్, నికోలస్ అబ్రహామ్స్ తీసిన డాక్యుమెంటరీలో వాళ్లు కనిపిస్తారు. రాజకీయ నినాదం ఏదీ లేని పాటలు అవి. దిగులుగా ఉండే హక్కు, నలుపు వేసుకునే హక్కు, నలుగురితో కలిసి ఆ దిగులును పాడుకునే హక్కు ఆ సమాజాల్లో ఎంత విలువైనవో నాకు ఆ అభిమానుల ముఖాల్లో అర్థమైంది.

తర్వాతి కాలం సాఫీగా సాగలేదు. 1993, 94ల్లో చేసిన యాత్ర బృందాన్ని నలిపేసింది. ఫ్లెచర్ మానసికంగా కుంగిపోయి మధ్యలో ఇంటికి వెళ్లాడు. వైల్డర్ 1995లో వైదొలిగాడు. గాన్ మాదకద్రవ్యాల వ్యసనంలో పడి 1996లో లాస్ ఏంజెలిస్‌లో చావు అంచు దాకా వెళ్లి బయటపడ్డాడు. ఆ తర్వాత వ్యసనం వదిలించుకుని పాడటానికి నిలబడ్డాడు. 1998 నుంచి యాత్రల్లో వాళ్లకు తోడుగా క్రిస్టియన్ ఐగ్నర్ డ్రమ్స్, పీటర్ గార్డెనో కీబోర్డులు వాయిస్తున్నారు.

డ్రమ్స్ విషయంలో అభిమానుల మధ్య తగువు ఇప్పటికీ తెగలేదు. స్టేడియంలో మనిషి కొట్టే డ్రమ్ దెబ్బ ఛాతీకి తగులుతుంది, ఆ బలం కాదనలేనిది. అయినా 1980ల పాటల విషయంలో నేను యంత్రం వైపే. ఆ పాటల అందం దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉన్న ఖాళీలో ఉంది. ఐగ్నర్ మంచి వాద్యకారుడు. మంచి వాద్యకారుడి చేయి ఖాళీని చూస్తే ఊరుకోదు, నింపుతుంది. జనానికి మిగలాల్సిన చోటు కొంత అలా తగ్గిపోతుంది.

కళ్లకు కనిపించేదంతా ఆంటన్ కార్బిన్ చేతి చలవ. ఈ డచ్ ఫొటోగ్రాఫరు 1986లో వాళ్లకు తొలి వీడియో తీశాడు, 1993 నుంచి వేదికలను రూపొందించాడు. ఆయన తెర మీద వేసే బొమ్మలు తొందరపడవు. గరుకు నలుపు తెలుపుల్లో ఒక గుర్రం, ఒక కుక్క, నెమ్మదిగా నడిచే మనిషి. పాట చెప్పే అర్థాన్ని మళ్లీ చెప్పకుండా, పక్కన ఇంకో మౌనాన్ని పెడతాడు.

ఇక ఆండీ ఫ్లెచర్. అతని గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. ‘101’లో అతనే చెప్పుకున్నాడు: మార్టిన్ పాటలు రాస్తాడు, అలన్ మంచి సంగీతకారుడు, డేవ్ గాయకుడు, తనేమో ఊరికే తిరుగుతుంటాడు. వేదిక మీద అతని కీబోర్డు ఏపాటి పలికేదని విమర్శకులు దశాబ్దాల పాటు ఎగతాళి చేశారు. కాని బృందం లెక్కలు, మాటలు, గోర్‌కూ గాన్‌కూ మధ్య సర్దుబాట్లు చూసుకున్నది అతనే. కళ్లద్దాలు పెట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతూ కనిపించేవాడు. వేదిక మీద నిలబడిన అభిమాని అతను. జనం తమను తాము చూసుకున్నది అతనిలోనే అనిపిస్తుంది నాకు.

2022 మే 26న అతను చనిపోయాడు. అప్పటికే చాలా పాటలు సిద్ధమైన కొత్త ఆల్బమ్‌కు ‘మెమెంటో మోరి’ అని పేరు. చావు ఉందని మరవకు అని ఆ లాటిన్ మాటకు అర్థం. 2023 మార్చిలో మొదలై 2024 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో ముగిసిన ఆ యాత్రలో ‘వరల్డ్ ఇన్ మై ఐస్’ పాటను ఫ్లెచర్‌కు అంకితం చేసేవారు. అది 1990 నాటి పాట. వెనక తెర నిండా పడుచు వయసు నాటి ఫ్లెచర్ ముఖం. గాన్ జుట్టు నెరిసింది, ముఖాన ముడతలు పడ్డాయి. తెర మీది ముఖానికి వయసు రాలేదు. సింథసైజర్ వరస అదే పాత వేగంతో పరుగెడుతోంది. కీబోర్డు వెనక నిలబడి చప్పట్లు కొట్టే మనిషి లేడు. ఆ చప్పట్లు ఇప్పుడు కింద నుంచి, జనంలోంచి వస్తున్నాయి.